మాగ్జిమైజ్ చేస్తే అన్నీ మూలకు చేరుతున్నాయా? టీకింటర్ గ్రిడ్‌లో ఏ కాలమ్ పెరగాలో ముందు తేల్చుకోండి

తమ్ముడూ, మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. గుంటూరు మిర్చి యార్డులో మీ బాబాయి గారి కమీషన్ షాపుకు పైథాన్‌తో, దానిలో విండోలు తయారుచేసే టీకింటర్‌తో పట్టీ (రైతుకు ఇచ్చే లెక్క చీటీ) రాసే విండో చేస్తున్నారు. పైన షాపు పేరు. దాని కింద రైతు పేరు, ఊరు, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), బరువు, క్వింటా ధర. ఆ కింద సరుకు వరుసల టేబుల్, చివర బటన్లు. చిన్న విండోలో బాగానే కనిపిస్తోంది. మాగ్జిమైజ్ చేస్తే అన్నీ ఎడమవైపు పై మూలకు చేరి మిగతా తెరంతా ఖాళీగా ఉంటోంది. షాపు పేరు పెద్ద అక్షరాల్లో పెట్టగానే లేబుళ్లకూ బాక్సులకూ మధ్య జానెడు దూరం వచ్చింది. టేబుల్లో తెలుగు పెడితే కింద ఒత్తులు తెగిపోతున్నాయి. విసిగిపోయి, అన్నీ ప్లేస్‌తో పిక్సెల్ లెక్కన పెట్టేద్దామా అని అడుగుతున్నారు.

వద్దు. ప్లేస్ జోలికి వెళ్లకండి. ప్లేస్‌లో ప్రతి బాక్సుకూ ఎక్స్, వై అంకెలు మీరే ఇవ్వాలి. మీ లాప్‌టాప్‌లో కొలిచి పెట్టిన అంకెలు షాపులో ఉన్న మానిటర్‌కు సరిపోవు. అక్షరాలు కాస్త పెద్దవి చేయమని బాబాయి గారు అంటే అంకెలన్నీ మళ్లీ మార్చాలి. రేపు ‘తేమ శాతం’ అని ఒక బాక్సు మధ్యలో కావాలంటే దాని కింద ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా జరపాలి. ఈ చాకిరీ తప్పించడానికే, అన్నిటినీ అడ్డ వరుసలు (రోలు), నిలువు వరుసలు (కాలమ్‌లు)గా సర్దే గ్రిడ్ ఉంది. టీకింటర్ వెనక పని చేసే టీకేలో గ్రిడ్ 1996లో, 4.1 వెర్షన్‌తో వచ్చింది. అంతకు ముందు ఇలాంటి ఫారాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చే ప్యాక్‌తో, ఫ్రేములో (లేబుళ్లనూ బాక్సులనూ మోసే డబ్బాలో) ఫ్రేము పెట్టుకుంటూ తంటాలు పడి చేసేవాళ్లు. మీ కష్టం గ్రిడ్ వల్ల వచ్చింది కాదు. గ్రిడ్‌కు మీరు ఇంకా చెప్పాల్సిన ఒక మాట చెప్పలేదు, అంతే. ఆ మాట ఏమిటంటే, విండో పెద్దదైతే ఎవరు పెరగాలి, ఎవరు పెరగకూడదు అన్నది.

గ్రిడ్ పని రెండు విడతల్లో జరుగుతుంది. మొదటి విడతలో ప్రతి లేబుల్‌నూ, ప్రతి బాక్సునూ ‘నీకు ఎంత చోటు కావాలి’ అని అడుగుతుంది. ఒక కాలమ్‌లో ఉన్నవాటిలో అన్నిటికంటే వెడల్పైనది ఎంత అడిగితే ఆ కాలమ్ వెడల్పు అంత. ఒక రోలో అన్నిటికంటే ఎత్తైనది ఎంత అడిగితే ఆ రో ఎత్తు అంత. ఇవన్నీ కూడి ఫ్రేము సైజు అవుతుంది, ఫ్రేముల సైజులు కూడి విండో సైజు అవుతుంది. అంటే లెక్క లోపలి నుంచి బయటికి నడుస్తుంది. మీరు సైజు ఏమీ ఇవ్వకుండానే విండో సరిగ్గా సరిపోయేట్టు తెరుచుకోవడానికి కారణం ఇదే.

రెండో విడత విండో అవసరానికి మించి పెద్దదైనప్పుడు మొదలవుతుంది. మిగిలిన చోటు ఎవరికి ఇవ్వాలి? ఇప్పుడు లెక్క బయటి నుంచి లోపలికి నడుస్తుంది, దీనికి జవాబు వెయిట్ అనే అంకెలో ఉంటుంది. మీరు ఏమీ చెప్పకపోతే ప్రతి కాలమ్ వెయిట్, ప్రతి రో వెయిట్ 0. అంటే ‘నాకు అదనపు చోటు అక్కర్లేదు’ అని. అందరూ అక్కర్లేదంటే గ్రిడ్ చోటును ఎవరికీ పంచదు, మొత్తం గుంపును ఎడమవైపు పై మూలన ఉంచేస్తుంది. మీకు కనిపిస్తున్నది సరిగ్గా ఇదే. కాలమ్‌కాన్ఫిగర్, రోకాన్ఫిగర్ అనే రెండు పిలుపులతో ఏ కాలమ్‌కు, ఏ రోకు వెయిట్ ఇవ్వాలో చెప్పాలి. ఇవి లేబుల్ మీదో బాక్సు మీదో కాదు, వాటిని మోస్తున్న ఫ్రేము మీద పిలవాలి. చాలామంది దీన్ని బాక్సు మీద పిలుస్తారు. ఎర్రర్ ఏమీ రాదు, ఫలితమూ ఉండదు.

వెయిట్ ఇచ్చినా బాక్సు మాత్రం సాగలేదని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వెయిట్ పెంచేది కాలమ్‌ను. ఆ కాలమ్‌లో ఉన్న బాక్సు ఎలా కూర్చోవాలో చెప్పేది స్టిక్కీ. స్టిక్కీ ఖాళీగా వదిలితే బాక్సు తన సైజులోనే సెల్ మధ్యలో నిలబడుతుంది. నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అనే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలు ఇందులో ఇస్తాం. ఈస్ట్ అక్షరం ‘e’ ఒక్కటే ఇస్తే కుడి అంచుకు, వెస్ట్ అక్షరం ‘w’ ఒక్కటే ఇస్తే ఎడమ అంచుకు అతుక్కుంటుంది. రెండూ కలిపి ఇస్తే రెండు అంచులనూ పట్టుకుని సాగుతుంది. టేబుల్ లాంటివాటికి నాలుగూ ఇవ్వాలి. కాలమ్‌కు వెయిట్, బాక్సుకు స్టిక్కీ రెండూ ఉంటేనే పని జరుగుతుంది, ఒకటి ఉండి ఇంకొకటి లేకపోతే లాభం లేదు.

పనిలో పనిగా, స్టిక్కీ, యాంకర్, జస్టిఫై ఈ మూడూ కలగాపులగం చేసుకోకండి. లేబుల్ సెల్‌లో ఎక్కడ ఉండాలన్నది స్టిక్కీ. లేబుల్ తన అక్షరాల కంటే వెడల్పుగా సాగినప్పుడు ఆ అక్షరాలు లేబుల్ లోపల ఏ పక్కన ఉండాలన్నది యాంకర్. జస్టిఫై లేబుల్లో రెండు మూడు లైన్లు ఉన్నప్పుడు ఆ లైన్ల పొందిక చూస్తుంది, ఎంట్రీ బాక్సులో అయితే టైపు చేసిన అంకె కుడికి ఉండాలా ఎడమకు ఉండాలా అన్నది చూస్తుంది. బరువు, ధర, మొత్తం ఉన్న బాక్సులకు జస్టిఫై కుడికి పెట్టండి. అంకెలు ఒకదాని కింద ఒకటి ఒకట్ల స్థానం కలిసి ఉంటే కూడిక తప్పు చూపుకే దొరుకుతుంది.

ఇక అసలు చిక్కు. వెయిట్, స్టిక్కీ అనేవి ఒక్క చోట ఇస్తే చాలదు. విండోలో ఒక పెద్ద ఫ్రేము, దానిలో చిన్న ఫ్రేములు, వాటిలో బాక్సులు ఉన్నప్పుడు ప్రతి మెట్టులోనూ ఇవ్వాలి. లోపల టేబుల్‌కు అన్నీ సరిగ్గా రాసి, బయట విండోకు 0వ కాలమ్, 0వ రో వెయిట్ ఇవ్వడం మర్చిపోతే పెద్ద ఫ్రేమే పెరగదు, ఇక లోపలివాళ్లకు పంచడానికి చోటు ఎక్కడిది? మీరు పెట్టిన కోడ్‌లో తప్పు సరిగ్గా ఇక్కడే ఉంది. పెద్ద ఫ్రేముకు స్టిక్కీ నాలుగు దిక్కులా ఇచ్చారు, విండోకు వెయిట్ ఇవ్వలేదు.

ఏ మెట్టులో తెగిందో కళ్లతోనే చూడొచ్చు. ప్రతి ఫ్రేముకూ రిలీఫ్ సాలిడ్ అనీ, బోర్డర్‌విడ్త్ 1 అనీ ఇచ్చి నడపండి. ప్రతి ఫ్రేము చుట్టూ ఒక గీత వస్తుంది. విండో మాగ్జిమైజ్ చేసి, బయటి గీత నుంచి లోపలికి చూసుకుంటూ రండి. విండోతో పాటు పెరగని మొదటి గీత దగ్గర ఆగండి. ఆ ఫ్రేముకు స్టిక్కీ లేదు, లేదా దాన్ని మోస్తున్నదానికి వెయిట్ లేదు. మూడో కారణం నేను ఇంతవరకు చూడలేదు. రంగులు వేసి చూద్దామని టీటీకే (టీకింటర్‌లోనే స్టైల్‌తో నడిచే రకం) ఫ్రేముకు బ్యాక్‌గ్రౌండ్ ఇస్తే ఎర్రర్ వస్తుంది, వాటికి రంగు స్టైల్ ద్వారానే వెళ్లాలి. గీతలే సులువు.

ఇప్పుడు మీ విండోకు వద్దాం. అన్నిటినీ ఒకే గ్రిడ్‌లో కుక్కకండి. షాపు పేరు పెట్టగానే దూరం వచ్చింది అందుకే. పేరు 0వ కాలమ్‌లో ఉంది, దాని కింద అదే కాలమ్‌లో ‘రైతు పేరు’, ‘ఊరు’ అనే చిన్న లేబుళ్లు ఉన్నాయి. కాలమ్ వెడల్పు అన్నిటికంటే వెడల్పైనదాన్ని బట్టి అని చెప్పాను కదా, షాపు పేరు వెడల్పు లేబుళ్ల కాలమ్‌కు వచ్చి పడింది. పేరుకు కాలమ్‌స్పాన్ 4 ఇస్తే, అంటే నాలుగు కాలమ్‌ల మీదుగా పరిస్తే, ఈ ఒక్క చిక్కు తీరుతుంది. కానీ టేబుల్‌కూ స్పాన్, బటన్లకూ స్పాన్ అంటూ పోతే, రేపు ఒక కాలమ్ పెంచిన రోజున అన్ని స్పాన్లూ తిరగరాయాలి. సంబంధం లేని భాగాలను ఒకే కాలమ్ లెక్కకు కట్టేయకపోవడం మేలు.

నేనైతే పెద్ద ఫ్రేములో ఒకే కాలమ్ పెట్టి, దానికి వెయిట్ 1 ఇస్తాను. నాలుగు రోలు. మొదటిది షాపు పేరు, రెండోది ఎంట్రీ ఫారం, మూడోది టేబుల్, నాలుగోది బటన్లు. నాలుగూ నాలుగు ఫ్రేములు. రోల్లో వెయిట్ టేబుల్ ఉన్నదానికి మాత్రమే. విండో ఎత్తు పెరిగితే సరుకు వరుసలు ఎక్కువ కనిపించాలి, ఫారంలో బాక్సుల మధ్య సందులు పెరగకూడదు. అన్ని రోలకూ వెయిట్ 1 ఇచ్చేసే అలవాటు చాలామందిలో చూశాను. అప్పుడు విండో పెరిగే కొద్దీ బాక్సులు ఒకదానికొకటి దూరం జరుగుతాయి, ఏ లేబుల్ ఏ బాక్సుదో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఎంట్రీ ఫారంలో నాలుగు కాలమ్‌లు చాలు: లేబుల్, బాక్సు, లేబుల్, బాక్సు. ఎడమ పక్క బాక్సుల్లో రైతు పేరు, ఊరు, రకం. కుడి పక్క టిక్కీలు, బరువు, ధర. ఎడమ బాక్సుల కాలమ్‌కు మాత్రమే వెయిట్ 1, మిగతా మూడింటికీ 0. పేర్లు పొడుగ్గా ఉంటాయి, చోటు దొరికితే సాగాలి. క్వింటా ధర బాక్సు తెర సగం దాకా సాగితే ఆ అంకె ఏ మూలన ఉందో చూపు వెతుక్కోవాలి, దానికి 10 అక్షరాల వెడల్పు చాలు. లేబుళ్లకు స్టిక్కీ కుడికే ఇవ్వమంటాను. మన లేబుళ్ల పొడవులు ‘ఊరు’ నుంచి ‘క్వింటా ధర’ దాకా రకరకాలుగా ఉంటాయి. ఎడమకు పెడితే ‘ఊరు’ ఒక చివర, దాని బాక్సు ఒక చివర పడుతుంది. కుడికి పెడితే ప్రతి లేబుల్ తన బాక్సు పక్కనే ఉంటుంది. పక్కన సందు ఇచ్చే ప్యాడెక్స్‌కు ఒక అంకెకు బదులు రెండు అంకెల జంట ఇవ్వొచ్చు, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. లేబుల్‌కు ఎడమ 12, కుడి 6 అని ఇస్తే రెండు జతల మధ్య సందు ఎక్కువగా, జతలోపల తక్కువగా ఉండి ఫారం చదవడానికి వీలుగా ఉంటుంది.

వెయిట్ గురించి ఒక అపోహ ఉంది, దాన్ని అంకెలతోనే చెబుతాను. రెండు కాలమ్‌లు ఉన్నాయి. మొదటిది 80 పిక్సెళ్లు, రెండోది 200 అడిగాయి. వెయిట్లు 2, 1 ఇచ్చారు. ఫ్రేము వెడల్పు 580 అయింది. మొదటిది రెండోదానికి రెట్టింపు ఉంటుందనుకుంటాం. ఉండదు. అడిగినవి పోగా మిగిలింది 300. ఆ 300 మాత్రమే 2:1 లెక్కన పంచుతారు, 200, 100. కాబట్టి మొదటిది 280, రెండోది 300. రెట్టింపు మాట అటుంచి, మొదటిదే ఇంకా చిన్నది. నిజంగానే వెడల్పులు 2:1 ఉండాలంటే రెండు కాలమ్‌లకూ యూనిఫామ్ అనే ఆప్షన్‌లో ఒకే గుంపు పేరు ఇవ్వాలి. అప్పుడు రెండోదానికి కనీసం 200 కావాలి కాబట్టి మొదటిది 400 తీసుకుంటుంది, మొత్తం 600 అడుగుతుంది. మీ కింది బటన్లకు ఇదే వాడండి. ‘సేవ్’, ‘ప్రింట్’, ‘కొత్త పట్టీ’ మూడు కాలమ్‌లకూ వెయిట్ 1, ఒకే యూనిఫామ్ పేరు, బటన్లకు స్టిక్కీ రెండు పక్కలా. ‘కొత్త పట్టీ’ ఎంత వెడల్పు ఉంటే మిగతా రెండూ అంతే ఉంటాయి.

టేబుల్ సంగతి విడిగా చెప్పాలి. మీరు వాడుతున్న ట్రీవ్యూ లోపలి కాలమ్‌లకూ గ్రిడ్ కాలమ్‌లకూ సంబంధం లేదు. ట్రీవ్యూ కాలమ్‌లకు తమ విడ్త్, మిన్‌విడ్త్, స్ట్రెచ్ ఉంటాయి. ఏమీ చెప్పకపోతే ఒక్కో కాలమ్ విడ్త్ 200 పిక్సెళ్లు. మీకు ఆరు కాలమ్‌లు ఉన్నాయి, అంటే టేబుల్ ఒక్కటే 1200 అడుగుతుంది. షాపుల్లో ఇంకా 1366 వెడల్పు తెరలు చాలా ఉన్నాయి, దాని మీద విండోస్ స్కేలింగ్ 125 శాతం ఉంటే మామూలు టీకింటర్ ప్రోగ్రామ్‌కు దొరికేది సుమారు 1093. విండో కుడి అంచు తెర దాటిపోయి, స్క్రోల్‌బారే కనబడదు. ప్రతి కాలమ్‌కూ విడ్త్ మీరే ఇవ్వండి. రకానికి స్ట్రెచ్ ఉంచి, అంకెల కాలమ్‌లకు తీసేయండి. టేబుల్ ఫ్రేములో ట్రీవ్యూ 0వ కాలమ్, స్క్రోల్‌బార్ 1వ కాలమ్. వెయిట్ 0వ కాలమ్‌కు, 0వ రోకు మాత్రమే. స్క్రోల్‌బార్ స్టిక్కీ పైకీ కిందికీ.

ఇక ఒత్తులు. ట్రీవ్యూ వరుస ఎత్తు మీ ఫాంట్‌ను చూసి మారదు. టీకే 8.6లో మామూలుగా అది 20 పిక్సెళ్లు. ఇంగ్లిష్ అక్షరాలకు అది సరిపోతుంది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ‘స్త్రీ’ లాంటి చోట ఒత్తు మీద ఒత్తు ఉంటాయి. అవన్నీ 20లో పట్టవు, కింది ఒత్తు తర్వాతి వరుస కిందకు వెళ్లి తెగుతుంది. ట్రీవ్యూ స్టైల్‌లో రోహైట్ పెంచాలి. నోటికొచ్చిన అంకె ఇవ్వకుండా, ఫాంట్‌ను అడిగి లైన్‌స్పేస్ (ఒక లైనుకు కావాల్సిన ఎత్తు) తెలుసుకుని దానికి 6 కలిపి ఇవ్వండి. ఫాంట్ విషయంలో విండోస్‌లో నిర్మలా యూఐ బాగుంటుంది, విండోస్ 8 నుంచి సిస్టంతోనే వస్తోంది. ఫాంట్‌ను ఒక్కో బాక్సుకు విడివిడిగా ఇవ్వకండి. టీకే డిఫాల్ట్ ఫాంట్, టీకే టెక్స్ట్ ఫాంట్, టీకే హెడింగ్ ఫాంట్ అని పేరున్న ఫాంట్లు మూడు ఉన్నాయి, వాటినే మార్చండి. మొదటిది లేబుళ్లకూ బటన్లకూ టేబుల్ వరుసలకూ, రెండోది ఎంట్రీ బాక్సులకూ, మూడోది టేబుల్ తలకట్టుకూ. వాటిని మార్చిన వెంటనే ప్రతి లేబుల్ తన సైజు మళ్లీ లెక్కేసుకుంటుంది, గ్రిడ్ తనంతట తనే మళ్లీ సర్దుతుంది. రోహైట్ ఒక్కటే మళ్లీ మీరు ఇవ్వాలి.

ఎంట్రీ బాక్సు విడ్త్‌లో ఇచ్చే అంకె పిక్సెళ్లు కాదు, ఆ ఫాంట్‌లో సున్నా ఎంత వెడల్పు ఉంటుందో అన్ని సున్నాలు. 20 అంటే 20 సున్నాల చోటు. మన అక్షరాలు సున్నా కంటే వెడల్పు, పైగా లెక్కపెట్టడంలోనూ తేడా ఉంది. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, పైథాన్‌లో దాని పొడవు అడిగితే 6 అంటుంది. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం. అందుకని తెలుగు మాట పొడవును పైథాన్‌తో లెక్కించి ఆ అంకెనే విడ్త్‌గా ఇస్తే ఒక బాక్సు చాలదు, ఇంకొకటి మరీ పెద్దదవుతుంది. యార్డుకు వచ్చే ఊళ్ల పేర్లలో అన్నిటికంటే పొడుగైనది తీసుకుని ఫాంట్‌లోని మెజర్‌తో అది ఎన్ని పిక్సెళ్లో అడగండి, దాన్ని కాలమ్‌కాన్ఫిగర్‌లో మిన్‌సైజ్‌గా ఇవ్వండి. ‘ప్రత్తిపాడు’, ‘పెదనందిపాడు’ పూర్తిగా కనబడితే మిగతావి కనబడతాయి. ఇంకో మాట, రేపు షాపులో లినక్స్ పెడదామనుకుంటే ముందే చూసుకోండి. అక్కడ టీకే 8.6 తెలుగు ఒత్తులను సరిగా కలపదు, అక్షరాలు విడిపోయి కనిపిస్తాయి. గ్రిడ్‌తో దానికి మందు లేదు, తెలుగు తప్పనిసరి అయితే అప్పుడు క్యూట్ (Qt) అనే ఇంకో టూల్‌కిట్‌కు మారడమే మంచిది.

మీరు అడగలేదు కానీ, ఈ విండోలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది టాబ్ వరుస. నేను విజయవాడలో ఇలాంటి షాపులకే సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ షాపులో బిల్లులు కొట్టే అమ్మాయి పక్కన కూర్చుని చూడండి, ఆమె చూపు తెర మీద ఉండదు, ఎడమ చేతిలో ఉన్న స్లిప్పు మీద ఉంటుంది. కుడి చేయి నంబర్ కీల మీద. ఒక అంకె కొట్టి ఎంటర్, ఇంకో అంకె కొట్టి ఎంటర్. మీ యార్డులో కాటా స్లిప్పు వచ్చాక జరిగేదీ ఇదే. కర్సర్ అనుకున్న బాక్సుకు కాకుండా ఇంకోదానికి వెళ్తే ధర స్థానంలో బరువు పడుతుంది, రైతుకు రావాల్సిన డబ్బు మారిపోతుంది. అందుకే దీన్ని అలంకారం కిందకు నెట్టేయకండి.

టీకింటర్‌లో టాబ్ నొక్కితే కర్సర్ గ్రిడ్‌లో పక్క సెల్‌కు వెళ్తుందనుకుంటాం. వెళ్లదు. రో, కాలమ్ అంకెలను అది చూడనే చూడదు, బాక్సులను మీరు కోడ్‌లో ఏ వరుసలో సృష్టించారో ఆ వరుసలో నడుస్తుంది. కాబట్టి కాటా స్లిప్పు ఒకటి ముందు పెట్టుకుని, దాని మీద ఏది ముందు ఏది తర్వాత ఉందో చూసి, అదే వరుసలో బాక్సులు సృష్టించండి. తెర మీద చోటు ఎక్కడైనా కావచ్చు, అది గ్రిడ్ చూసుకుంటుంది. తర్వాత ఒక బాక్సు చేర్చాల్సి వస్తే ఫైలు చివర రాయకుండా, దాని స్థానంలోనే రాయండి. ఎంటర్ కీకి తర్వాతి బాక్సుకు వెళ్లే పని కట్టేటప్పుడు నంబర్ కీల పక్కన ఉన్న ఎంటర్‌కూ విడిగా కట్టాలి. టీకేలో దాని పేరు వేరు, కేపీ అండర్‌స్కోర్ ఎంటర్. పెద్ద ఎంటర్ ఒక్కదానికే కడితే మీ లాప్‌టాప్‌లో అంతా సవ్యంగా ఉండి, షాపులో పని చేయకపోవచ్చు.

అడ్వాన్స్ తీసుకున్న రైతులకు మాత్రమే ‘అడ్వాన్స్ మినహాయింపు’ వరుస కనిపించాలని రాశారు. దానికి గ్రిడ్ రిమూవ్ వాడండి, గ్రిడ్ ఫర్గెట్ కాదు. రెండూ దాచుతాయి. రిమూవ్ చేసినదాన్ని మళ్లీ ఉత్తి గ్రిడ్ అని పిలిస్తే పాత రో, కాలమ్, స్టిక్కీ, ప్యాడింగ్ అన్నీ గుర్తుపెట్టుకుని అక్కడికే వస్తుంది. ఫర్గెట్ పేరుకు తగ్గట్టే అన్నీ మర్చిపోతుంది. లేబుల్, బాక్సు రెండూ దాచేస్తే ఆ రో ఎత్తు 0 అయిపోతుంది, కింది వరుసలు పైకి వస్తాయి, మీరు ఏమీ జరపక్కర్లేదు. ఖాళీ రోలు చోటు తీసుకోవు కాబట్టి రో అంకెలు 0, 1, 2 అని కాకుండా 0, 10, 20 అని ఇచ్చుకున్నా ఇబ్బంది లేదు. మధ్యలో ‘తేమ శాతం’ రావాల్సి వచ్చినప్పుడు 15 ఖాళీగా ఉంటుంది. ఫారాల్లో నేను ఇలాగే ఇస్తాను.

ప్యాక్, గ్రిడ్ కలపకూడదని ఎక్కడో చదివి భయపడుతున్నట్టున్నారు. ఒకే ఫ్రేము లోపల రెండూ కలపకూడదు, అంతే. పాత టీకేలో అలా కలిపితే రెండూ సైజు కోసం ఒకదానితో ఒకటి తెగని బేరం మొదలుపెట్టి విండో బిగుసుకుపోయేది. ఇప్పుడు 8.6లో వెంటనే ఎర్రర్ ఇస్తుంది. ఒక ఫ్రేములో గ్రిడ్, ఇంకో ఫ్రేములో ప్యాక్ వాడుకోవచ్చు. షాపు పేరు ఉన్న ఫ్రేములో ఒక్క లేబులే ఉంది, అక్కడ ప్యాక్ చాలు.

కోడ్‌లో ఇంకొకటి కనిపించింది. ఎంట్రీ సృష్టించిన లైన్లోనే చుక్క పెట్టి గ్రిడ్ పిలిచి, వచ్చినదాన్ని పేరుకు దాచుకున్నారు. గ్రిడ్ ఏమీ తిరిగి ఇవ్వదు, కాబట్టి ఆ పేరులో నన్ (None, అంటే ఏమీ లేదని) ఉంటుంది. ధర చదవబోయినప్పుడు వస్తున్న ఎర్రర్ దానివల్లే. సృష్టించడం ఒక లైను, గ్రిడ్ ఇంకో లైను.

ఇదంతా టీకింటర్‌కే పరిమితం కాదు. జావాలో గ్రిడ్‌బ్యాగ్ లేఅవుట్‌కు వెయిట్ఎక్స్, వెయిట్‌వై ఇవ్వకపోతే అన్నీ విండో నట్టనడుమ ముద్దగా చేరతాయి. జబ్బు ఒకటే, చేరే చోటు వేరు. క్యూట్‌లో దీన్ని స్ట్రెచ్ అంటారు. మైక్రోసాఫ్ట్ వారి డబ్ల్యూపీఎఫ్‌లో కాలమ్‌కు ఏమీ చెప్పకపోతే అది స్టార్, అంటే మిగిలిన చోటును పంచుకునేదే. పెరగకూడని కాలమ్‌కు అక్కడ ఆటో అని మనమే రాయాలి. టూల్‌కిట్ మారినప్పుడు మొదట తెలుసుకోవాల్సింది ఇదే, చెప్పకపోతే చోటు ఎవరికి వెళ్తుంది అన్నది.

చివరగా విండో మరీ చిన్నదైనప్పుడు. చోటు చాలనప్పుడు గ్రిడ్ వెయిట్ ఉన్న కాలమ్‌లనే కుదిస్తుంది, వెయిట్ 0 ఉన్నవి తగ్గవు. అంటే మీ దాంట్లో రైతు పేరు బాక్సు కుంచించుకుపోతుంది. దాన్ని ఆపడానికి అన్నీ అమర్చాక అప్‌డేట్ ఐడిల్‌టాస్క్స్ పిలిచి, విండో తనకు కావాల్సిన వెడల్పు, ఎత్తు ఎంతంటుందో అడిగి, ఆ రెండూ విండో మిన్‌సైజ్‌కు ఇచ్చేయండి. అంతకంటే చిన్నది చేయడం కుదరదు. అప్‌డేట్ ఐడిల్‌టాస్క్స్ ముందు అడిగితే లెక్క ఇంకా పూర్తయి ఉండదు, సరైన జవాబు రాదు.

ముందు విండోకు వెయిట్ ఇచ్చి, గీతలు వేసి చూడండి, తర్వాత నాలుగు ఫ్రేములుగా విడగొట్టండి. అయినా ఏదైనా పెరగకపోతే తెర ఫొటో ఒక్కటే పెట్టకండి. గీతలతో ఉన్న ఫొటో, మీ టీకే ప్యాచ్‌లెవెల్ (పూర్తి వెర్షన్ అంకె) ఎంతో, షాపు కంప్యూటర్లో స్కేలింగ్ ఎంత శాతం ఉందో ఈ మూడూ రాయండి, చూసి చెబుతాను.